పేరు పిలిచే మేస్త్రి

చీమకుర్తి క్వారీలో పేలుడుకు ముందు మేస్త్రి గుంత అంచున నిలబడి, లోపలికి దిగిన ప్రతివాడినీ పేరు పెట్టి పిలిచేవాడు. పైకొచ్చినవాడు "ఆఁ" అనేదాకా సైరన్ మోగనిచ్చేవాడు కాదు. ఎవడైనా తలూపితే మండిపడేవాడు: "తల కాదురా, నోరు!"

ఆ కేకల బదులు, క్వారీ ఆఫీసులో పనిచేసే నేను కంప్యూటర్లో లిస్టు పెట్టాను: దిగినవాడి పేరు ఎక్కించడం, పైకొచ్చాక తీసేయడం. "నీ పెట్టె చెప్పింది సరే బాబూ, నా చెవికి వినపడాలిగా" అన్నాడు మేస్త్రి. మేనేజరు గారు నవ్వి, ఇక కేకలు అక్కర్లేదన్నారు.

పొద్దున పేర్లన్నీ ఒకేసారి ఎక్కిస్తే లిస్టు బాగానే నిలిచేది. మధ్యలో ఒక్క పేరు చేర్చబోతే మాత్రం నా ప్రోగ్రాం అసలు లిస్టు ఇవ్వకుండా దాని కాపీ చేతికిచ్చేది. పేరు ఆ కాపీలో పడి, కాపీతోపాటే పోయేది. పోయినప్పుడల్లా ఓ హెచ్చరిక వచ్చేది. తెర మీద అసహ్యంగా ఉందని దాన్ని కనపడకుండా చేసింది నేనే.

ఆ మధ్యాహ్నం మర్చిపోయిన మోకు కోసం మేస్త్రి మళ్లీ దిగాడు. దిగేముందు నా కిటికీ దగ్గరకొచ్చి తన పేరు రాయించుకున్నాడు. కాసేపటికి కూలీలంతా పైకొచ్చారు. తెర చూశాను: లోపల ఎవరూ లేరు. ఆయనా వచ్చేసి ఉంటాడనుకుని, సైరన్ మోగించమని చెయ్యెత్తాను. సైరన్‌కీ పేలుడుకీ మధ్య ఉండే వ్యవధిలో గుంత అడుగు నుంచి పైకి రావడం ఎవరి తరమూ కాదు.

దుమ్ము అణిగాక అందరం అంచున నిలబడ్డాం. ఎన్నడూ మేస్త్రీ అనే పిలిచిన మనిషిని మొదటిసారి పేరు పెట్టి పిలిచాం.

"ఆఁ" అనలేదు.