పాలగ్లాసులో పారాణి

నా చిన్నప్పుడు చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో సూది పడితే గాని జబ్బు తగ్గదని నమ్మేవారు. మాత్రలిచ్చి పంపే డాక్టరు గడప మళ్లీ ఎవరూ తొక్కేవారు కారు. మా చిన్నాన్న కథ కూడా అలాగే మొదలైంది. బెల్లం వండే రోజుల్లో చెరకు మోపులెత్తి నడుం పట్టేస్తే, ఊరి డాక్టరు నొప్పికి సూది వేశాడు. నొప్పి పోయింది, మనసుకీ ఏదో హాయి తగిలింది. మర్నాడు మళ్లీ వెళ్లాడు. కొన్నాళ్లకి సూది లేకపోతే ఒళ్లు వణికేది, ముక్కు కారేది. చివరికి తనే మందు సంపాదించి, ఓ స్నేహితుడితో కలిసి ఒకే గాజు సిరంజితో పొడుచుకునేవాడు.

ఆ స్నేహితుడికి పచ్చకామెర్లు వచ్చాయి. చిన్నాన్న చెయ్యి వాచి చీము పట్టింది. మా తాతయ్య తిట్టాడు, కొట్టబోయాడు. "కడుక్కునే వాడతన్నాం కదా" అనేవాడు చిన్నాన్న. చెయ్యి పోతుందో, మనిషే పోతాడో అని మా నాయనమ్మకి ముద్ద దిగేది కాదు.

అప్పుడు నర్సుగా పనిచేసే మా పెద్దత్త వచ్చింది. ఇక తిట్ల వానే అనుకున్నాం. ఆవిడ తమ్ముడి పక్కన కూర్చుని, అతని సిరంజిలోకి పారాణి లాగి, వదిలేసి, కడగమంది. చిన్నాన్న పంతం కొద్దీ కడిగి, "సూడప్పా, తళతళలాడతంది" అని అక్కకి చూపించాడు. అత్త అందులోకి కాసిని పాలు లాగి గ్లాసులోకి వదిలింది. సూది మొదట్లో దాగిన ఎరుపు సన్నటి చారలా దిగింది.

"తాగరా" అంది. చిన్నాన్న గ్లాసు ముట్టలేదు.

"పారాణి తాగలేనోడివి, ఇంకోడి నెత్తురు నరంలోకి ఎలాగెక్కించుకుంటన్నావు? ఇది ఎర్రగుంది కాబట్టి కనపడింది. జబ్బు కనపడదురా." గ్లాసు పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "నొప్పి ఎక్కడ మొదలయ్యింది, సెప్పు."

అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. చిన్నాన్న నడుం చూపించి భోరుమన్నాడు.

మర్నాడు ఆవిడ వెంట ఆస్పత్రికి వెళ్లాడు. చెయ్యి దక్కింది. అలవాటు మాత్రం ఒక్కసారిగా పోలేదు. మధ్యలో జారాడు, మళ్లీ ఆస్పత్రికి వెళ్లాడు. ఆ స్నేహితుడు ఆ వేసవి దాటలేదు. పాపం, అతన్ని అడిగిన వాళ్లే లేరు.

ఈమధ్య మా మనవడు ఇంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పడం లేదు. ఇంట్లో అందరూ నిలదీస్తున్నారు. నిన్న వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అత్త మాటే అడిగాను. "నొప్పి ఎక్కడ మొదలయ్యింది బాబూ?"

వాడు మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.