వేలు పడని ఆయా

జూన్ మొదటి సోమవారం, ఉదయం ఆరు నలభైకి ఎల్లారెడ్డిలో దిగాను. సన్నటి వాన. కామారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచి ఆగలేదు. సంచిలో రెండు జతల యూనిఫాం, టార్చి, విజిల్, నోటుపుస్తకం. పద్దెనిమిదేళ్లు సైన్యంలో ఉండి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. ఇప్పుడు పనిచేసే సెక్యూరిటీ ఏజెన్సీ ఈసారి ఇచ్చిన పోస్టింగ్ ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఇరవై పడకలు, రెండు గేట్లు, నా కింద ముగ్గురు గార్డులు. మూడు నెలల డ్యూటీ.

మేనేజరు మొదటి ఉత్తర్వే వార్డు ఆయా సాయవ్వ మీద. హాజరు మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టడం లేదు.

“ఆమె పేరు మీద ఇంకెవరో వస్తున్నరని నా అనుమానం, హవల్దార్ సాబ్. రుజువు దొరికితే అదే రోజు తీసేస్త.”

మర్నాటి నుంచి నిఘా పెట్టాను. ఆరు యాభైకి వచ్చేది. ముఖానికి మాస్కు. చేతులు కొంగు కింద. గేటు గార్డు వాకీటాకీలో చెప్పేవాడు.

“సార్, ఇయ్యాల గూడ వేలు పడలే. నాలుగు సార్లు పెట్టింది.”

“ఎటు పోయింది?”

“సక్కగ వార్డుకే.”

టీ గ్లాసును కొంగుతో పట్టుకునేది. రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటే పెన్ను ముట్టలేదు. “తర్వాత పెడ్త సారూ” అంది. బోర్డర్ దగ్గర దొంగ కాగితాలతో వచ్చేవాళ్లూ ఇలాగే తప్పించుకునేవారు. నా అనుమానం గట్టిపడింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండింటికి స్టాఫ్ నర్సు ఎదుట సాయవ్వను నిలదీశాను. ఆధార్ కార్డు ఇచ్చింది. మాస్కు తీసింది. ఫొటో ఆమెదే. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

“చేతులు చూపియ్యి.”

“వద్దు సారూ. చూస్తే అంటురోగమని తీసేస్తరు.”

చివరికి రబ్బరు తొడుగులు లాగింది. వేళ్ల కొసలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి. గీతల్లేవు. కణుపుల దగ్గర చర్మం చీలి నెత్తురు చెమ్మ. పేషెంటు మారినప్పుడల్లా సబ్బు, వెంటనే శానిటైజర్, తడి ఆరకముందే తొడుగులు. రోజంతా అదే పని.

నర్సు ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. “ఇది అంటుకునేది కాదు సార్. కడిగి కడిగి గిట్లయింది. మాకు గూడ అయితది. మేమైతే మందు రాసుకుంటం. ఈమెకెవ్వరు చెప్పలే.”

మేనేజరు దగ్గరికి నేనే వెళ్లాను. “మనిషి ఆమెనే. మన పనిలనే వేలిగీతలు పోయినయి” అన్నాను. ఆయన నా వంక ఎగాదిగా చూశాడు. “మీకేమన్న చుట్టమా?”

డాక్టరు రాసిచ్చాకే ఒప్పుకున్నాడు. మిషన్ బదులు సంతకం. చేతులకు ఆయింట్‌మెంట్. రబ్బరు తొడుగుల లోపల నూలు తొడుగులు. సబ్బు వాడితే శానిటైజర్ వద్దన్నారు.

ఆగస్టు చివర డ్యూటీ ముగించుకుని కామారెడ్డికి తిరిగొచ్చాను. బయలుదేరిన రోజు మధ్యాహ్నం చూసిందొకటి నన్ను వదలదు. స్టాఫ్ గదిలో సాయవ్వ మామిడికాయ తొక్కు వేసుకుని అన్నం కలుపుతోంది. ఎర్రటి నూనెలో ఐదు వేళ్లు. తొందర లేదు.

“ఎండకాలం నుంచి చెంచతోనే తిన్న సారూ. ఉప్పు తగిలితే పానం పోయేది.”

అన్ని రోజులూ అదే గదిలో, ఆమెకెదురుగా కూర్చునే నేను తిన్నాను. ఆ చెంచాను చూడనే లేదు.