మా మామ చెప్పిన ఆదివారం సీరియల్

మొన్న మధ్యాహ్నం బండి వెళ్లిపోయాక, అరకు స్టేషన్ దగ్గర నా కాఫీ బడ్డీలో కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే మా మనవరాలు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "నాయనమ్మా, మీ కాలం సీరియలంట, చూడు" అంది. మీ కాలం అన్న మాటకే నాకు చురుక్కుమంది. నేనింకా ఈ కాలంలోనే ఉన్నాననుకుంటున్నాను, నా మోకాళ్లు ఒప్పుకోకపోయినా. ఫోన్‌లో ఒక పెద్ద మేడ, మెట్లు, గుమ్మంలో తెల్లచీర కట్టుకున్న తల్లి, గుమ్మం బయట సంచీతో నిలబడ్డ కూతురు. బొమ్మ కింద తెలుగు అక్షరాలు పరిగెడుతున్నాయి. ఆరో తరగతిలో బడి మానేసినదాన్నే గానీ, ఆ అక్షరాలు చదవడానికి ఆ చదువు సరిపోతుంది. చదవలేదు. "ఆపీ తల్లీ" అన్నాను. "ఏం, బోరా?" అంది. మా ఇంట్లో నేను జోకు వెయ్యకుండా ఊరుకున్నానంటే జ్వరమైనా వచ్చుండాలి, బోరైనా కొట్టుండాలి. ఆ పిల్లకి మూడో కారణం తెలీదు.

అది ఎనభైల చివర. మా ఊరు అరకుకి అవతల, రైలు పట్టాలని ఆనుకుని ఉంటుంది. పంచాయతీకి ఒక టీవీ వచ్చింది. దానికి చెక్కపెట్టె, పెట్టెకి తలుపులు, తలుపులకి తాళం. మా ఊళ్లో ఏ ఇంటికీ అంత కాపలా లేదు. ఏంటెన్నా ఒక పెద్ద వెదురు కర్రకి కట్టి ఉండేది. గాలి వీస్తే తెరమీద జనమంతా అడ్డంగా సాగిపోయేవారు, ఎవరో ఒకరు పరిగెత్తి కర్ర తిప్పితే మళ్లీ మనుషులయ్యేవారు. ఆదివారం పొద్దున్న చర్చిలో ఆరాధన ఉండేది. సీరియల్ వచ్చే వేళ దగ్గరపడుతుంటే మా పాస్టరు గారి ప్రార్థన కూడా కిరండూల్ గూడ్సు ఘాట్ దిగినట్టు జోరందుకునేది. ఆమెన్ అన్నది నోట్లో ఉండగానే ఊరు ఊరంతా పంచాయతీ వరండాలో ఉండేది, పాస్టరు గారితో సహా.

చిక్కేమిటంటే సీరియల్ హిందీలో వచ్చేది. ఊళ్లో హిందీ వచ్చిన మనిషి మా మామ ఒక్కడే అని పేరు. మామంటే నా మొగుడి తండ్రి, రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయన హిందీ అంతా పట్టాల మీద నేర్చింది. ఎత్తు, దించు, ఆగు, బండొస్తోంది, ఇంతే. దానితోనే టీవీ పక్కన పీట వేసుకుని, తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని, తెరమీద వాళ్లు నోరు మూయగానే ఈయన నోరు తెరిచేవాడు. మేడలో ఉండే సేటు, ఆయన పెళ్లాం, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు, అందరూ మా మామ నోట మా ఊరి మాటే మాట్లాడేవారు. వాళ్లకి కోర్టు పని పడితే పార్వతీపురం వెళ్లేవారు. జ్వరమొస్తే అడ్డతీగ వేరు నూరి తాగేవారు. ఒకసారి చిన్న కోడలు అలిగి బొర్రా గుహల్లో దాక్కుంది కూడా.

ఇదంతా కల్పితమని నాకు మొదటివారమే తెలుసు. పెళ్లికి ముందు నేను రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఉత్తరాది ఆఫీసరు గారింట్లో గిన్నెలు తోమాను. బడిలో అబ్బని చదువు ఆ బూడిదలో అబ్బింది, హిందీ నాకు అన్నం తిన్నంత సుళువు. అయినా వరండాలో పెదవి విప్పేదాన్ని కాదు. ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర మాత్రం ఊరుకునేదాన్ని కాదు. "మావా, ఈయేళ ఆ ముసిలోడిని సంపీసినావు. ఆడు కళ్లజోడు ఎతుక్కుంతన్నాడు, అంతే" అనేదాన్ని. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "ఓసి, పైవారం ఆడు మల్లీ కనిపిస్తే ఏటి సెప్పాలే?" "తమ్ముడని సెప్పీ." పైవారం ముసలాడు కనబడగానే మామ గొంతు సవరించుకుని, "ఈడు ఆడి తమ్ముడు" అన్నాడు. నేను చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. మా అత్తాకోడళ్లకి పడేది కాదు గానీ, మా మామాకోడళ్లది మంచి కంపెనీ.

ఒక్క సంగతి నాకు అప్పుడు వెలగలేదు. ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు కాఫీ మొక్కల గట్టు దగ్గర కొట్టుకుని మాటలు మానేసిన నెలలో, సేటు కొడుకులు కూడా గట్టు కోసం కొట్టుకుని, ఏడ్చి, కలిసిపోయారు. నిజానికి తెరమీద వాళ్లు ఒక కారు బేరం చేసి చేతులు కలిపారు. వరండాలో ఆ అన్నదమ్ములు చెరో మూల కూర్చుని ముక్కులు చీదారు. వారం తిరక్కుండానే ఒకే కల్లంలో చోళ్లు నూర్చారు. నేను దాన్ని కాకతాళీయం అనుకున్నాను. అంత తెలివి నాది.

మా పక్కిల్లు చిన్నత్తది, మా అత్త చెల్లెలు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నవ్వడానికి కూడా వాక్యం చూసుకునే మనిషి. ఆవిడకి ఒక్కతే కూతురు, నాకు మరదలు వరస. ఆ పిల్లని ఘాట్ కింద ఊరికిచ్చారు. మొగుడు తాగేవాడు, తాగితే చెయ్యి లేచేది. ఆ యేడు చలికాలం మొదట్లో సంచీతో బండి దిగి పుట్టింటికి వచ్చేసింది. చిన్నత్త లోపలికి రానిచ్చింది గానీ మనసులోకి రానివ్వలేదు. "దేవుడి ముందు అయిన పెళ్లి. ఆళ్లు వచ్చి అడిగితే పంపిత్తాను" అని అందరితోనూ అనేది. పిల్ల తల్లి ముందు తల వంచుకుని వడ్లు చెరుగుతుండేది, ఎదురు మాట అనేది కాదు.

అప్పటినుంచి సీరియల్‌లో సేటు కూతురి కథ పెరిగింది. ఆవిడకీ తాగుబోతు మొగుడు వచ్చాడు. అతను అత్తవారి ఊరిలో ఆమెని చలిలో వాననీళ్ల తొట్టి పక్కన ఎలా నిలబెట్టాడో, పక్కింటి ముసలమ్మ రాత్రిపూట తలుపు సందులోంచి గంజి ఎలా అందించిందో, మామ చూసినట్టు చెప్పేవాడు. వారం వారం చిన్నత్త కొంచెం కొంచెం ముందుకి జరిగి కూర్చునేది. ఒకరోజు "అయ్యో, ఆ తల్లికి కళ్లు లేవేటి?" అని పైకే అనేసింది.

తర్వాత వచ్చే ఆదివారానికి మరదలి మొగుడి తరఫువాళ్లు పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తామని కబురు పెట్టారు. దానికి ముందు ఆదివారం, తెరమీద గుమ్మంలో తల్లి, బయట సంచీతో కూతురు. మామ గొంతు తగ్గించి మొదలెట్టాడు. "తల్లి అంతంది, ఈ గుమ్మం నీది. ఆడొస్తే నాను మాటాడతాను. నువ్వు..." చిన్నత్త చెంపల మీద నీళ్లు. ఊరంతా ఏడవబోతోంది. ఏడుపు చూస్తే నా నాలుక దురద పెడుతుంది, చావింట్లో కూడా అంతే. ఆగలేకపోయాను.

"మావా, కాళ్లు తుడుసుకుని రా, నేల ఇప్పుడే కడిగించినాను అంతంది ఆవిడ! మిగతాదంతా నీ కవిత్వమే!"

వరండా కప్పు లేచిపోయేలా నవ్వారు. పాస్టరు గారు కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. మరదలు కూడా మోకాళ్లలో తల పెట్టుకుని నవ్వింది. నా జన్మలో అంత పెద్ద నవ్వు పుట్టించలేదు. గర్వంతో మామ వైపు చూశాను. ఆయన తలపాగా మళ్లీ చుట్టుకుంటున్నాడు. "మా కోడలికి హిందీ బాగా వచ్చును" అన్నాడు. చిన్నత్త కూడా ముందు నవ్వింది. తర్వాత చెంపలు గట్టిగా తుడుచుకుని లేచింది. "ఇన్నాళ్లూ మమ్మల్ని ఎర్రోళ్లని సేసినావా బావా?" అని వెళ్లిపోయింది.

పైవారం పెద్దలు వచ్చారు. మామ ఒక మూల కూర్చుని ఉన్నాడు. మాటలన్నీ అయ్యాక లేచి, "ఆ గుంటని కూడా అడగండి" అని మరదలి వైపు చెయ్యి చూపాడు. చిన్నత్త ఆయన వైపు చూడకుండానే, "నువ్వూరుకో బావా. నీవన్నీ టీవీ మాటలే గదా" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నేను కిందటివారం పుట్టించినదే, ఇంకా చావలేదు. మామ కూర్చున్నాడు. సాయంత్రం బండికి మరదలు వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక నేను టీ ఇస్తే అందుకుని, "ఇంకొక్క వారం ఊరుకునుంటే సాలును గదే" అన్నాడు. తిట్టలేదు. తిట్టుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

ఆ తర్వాత ఆయన వరండాకి రాలేదు. నన్ను చెప్పమన్నారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. చీర ఖరీదు, పెళ్లి భోజనాల లెక్క, ఎవరో ఎవరికో ఫోన్ చెయ్యడం. నెల తిరిగేసరికి వరండాలో నేనూ, ఏంటెన్నా కర్రా మిగిలాం.

చిన్నత్త లేదు, మామ లేడు, మరదలి మొగుడూ పోయాడు. మరదలు ఇప్పుడు శుక్రవారం సంతకి అల్లం తెస్తుంది. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. బుట్ట దించేటప్పుడు నేనే వెళ్లి పడతాను. ఈ శుక్రవారం కాఫీ తాగుతూ, "ఏటొదినా, అలాగున్నావు? నోరు అద్దెకిచ్చీసినావా?" అంది. ఫోన్‌లో ఆ సీరియల్ కనబడిందని చెప్పాను. గ్లాసు పక్కన పెట్టింది.

"పెదనాన్నకి ఆ కతంతా సెప్పింది నానే ఒదినా. తొట్టి సంగతీ, గంజి సంగతీ. అమ్మకి నా నోటితో సెప్పలేక. నువ్వు తెర మీద సెప్పీ పెదనాన్నా, అమ్మ ఇనుకుంతాది అన్నాను."

"మరి ఆయేళ నువ్వెందుకు నవ్వినావే?" అన్నాను.

"అందరూ నవ్వుతుంటే నానొక్కదాన్నే ఏడిస్తే తెలిసిపోదేటి, ఆ కత ఎవులిదో?" అంది. లేచి, కుడిచేత్తో కొంగు సర్దుకుని, "పట్టు, బుట్ట పట్టు, బేగి, బండొచ్చీసింది" అంది.

పట్టాను. బండి కదిలింది. ఎన్ని ఏళ్లు దొర్లిపోయాయో, ఎంతమందిని పూడ్చుకున్నామో గానీ, నేను నవ్వించిన ఆ ఆదివారం దగ్గరే మేమిద్దరం ఇంకా కూర్చుని ఉన్నాం, దాని తర్వాత రావలసిన ఆదివారం మాకు ఇప్పటికీ రాలేదు.