బొమ్మ రాని వీడియో

మా బావ బొబ్బిలిలో వీణలు చేస్తాడు. పనస దుంగ తొలిచి చెక్కడం అతని పని. మైనంలో మెట్లు నిలిపి శ్రుతికి సర్దడం, అంటే మేళం కట్టడం, వాళ్లన్నయ్య పని. అన్నయ్య నిరుడు పోయాడు. ఆ తర్వాత బావ సొంతంగా మేళం కట్టిన మొదటి వీణ, పై స్థాయిలో అపశ్రుతి పలుకుతోందని వెనక్కి వచ్చేసింది. అన్నయ్య మేళం కడుతుండగా ఒకసారి నేను ఫోనులో వీడియో తీశాను. అది చూస్తే కిటుకు తెలుస్తుందని బావ ఆశ. ఆ ఫోను ఎప్పుడో పాడైంది. ఫైలు మాత్రం పెన్‌డ్రైవులో మిగిలింది.

శ్రీకాకుళం నుంచి పట్టుకెళ్లి బావ టీవీకి పెట్టాను. తీగ మీటిన చప్పుడు వచ్చింది, అన్నయ్య దగ్గు వచ్చింది. తెర నల్లగానే ఉంది.

“ఏటి బామ్మర్దీ, దగ్గొస్తన్నాది గానీ మనిసేడి?”

ఫైలు పేరు చివర ఎంఓవీ అని ఉంది. ఆ టీవీలో ఎంపీఫోర్ ఆడుతుందని తెలుసు. నా పాత లాప్‌టాప్‌లో ఆ తోక చెరిపి ఎంపీఫోర్ అని కొట్టాను. మళ్లీ దగ్గే. శీర్షిక మార్చినంత మాత్రాన కింది వార్త మారదని, ముప్పై ఏళ్లు పేపరు డెస్కులో కూర్చున్నవాడికి ఒకరు చెప్పాలా? అయినా ఇంకో రెండు తోకలు తగిలించి చూశాను.

బజారులో పెళ్లి వీడియోలు చేసే ఆవిడ విని నవ్వింది.

“తోక మారిస్తే గేదె ఆవైపోద్దేటండి? ఎంపీఫోరన్నది పెట్టె పేరండి. అందులో బొమ్మనొకలాగ, మాటనొకలాగ కుదించి పెడతారు. ఆ కుదించే పద్ధతే కోడెక్. మీ టీవీకి మాట విప్పడం వచ్చు, బొమ్మ విప్పడం రాదు. పాత పద్ధతిలోకి తిప్పాలి.”

తిప్పుతుండగా సగంలో కరెంటు పోయింది. మళ్లీ మొదటినుంచి. పూటంతా అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం టీవీలో బొమ్మ వచ్చింది. తెర నిండా అన్నయ్య ముఖం. కింది పెదవి కొరుకుతూ, తీగకేసి చెవి ఒగ్గి. చేతులు తెర కింది అంచుకి అవతల ఎక్కడో పని చేసుకుంటున్నాయి. పేపరుకి ఫొటో అంటే ముఖం. ఆ అలవాటుతోనే తీసినట్టున్నాను, చివరిదాకా ముఖమే.

“మా అన్న మొకం నానెరగనేటి? సేతులేవిరా?”

బావ టీవీ కట్టెయ్యమని, వెనక్కి వచ్చిన వీణని ఒళ్లోకి లాక్కుని, పై మెట్ల కింది మైనం గీకడం మొదలుపెట్టాడు.