ఖర్బూజా చూసి వేసిన ట్రైటాన్

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డా బుచ్చిరాములు చేతిరాత కనిపించేది. ‘పొగ తాగరాదు’, ‘సైకిళ్లు ఇక్కడ ఆపరాదు’, ‘పని లేనిదే లోపలికి రారాదు’ అన్నీ ఆయన రాసినవే. స్కేలు పెట్టక్కర్లేదు, సుద్దతో గీత కొట్టక్కర్లేదు. కుంచె ముంచి మొదలుపెడితే అచ్చు గుద్దినట్టు అక్షరాలు వరస కట్టేవి.

“రాములన్నా, నీ చెయ్యి అచ్చం మిషినే!” అని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఆయనకి మంటెత్తేది.

“మిషిన్‌కు బొమ్మలు రావు. నాకొస్తయ్,” అనేవాడు.

వస్తాయని నమ్మేదెవరు? ఇరవై ఏళ్లలో ఆయనకి దొరికిన బొమ్మ ఒక్కటే. 440 వోల్టుల బోర్డు మీద పుర్రె, రెండు ఎముకలు. ఆ పుర్రెల్లోనే ఆయన తన సరదా తీర్చుకునేవాడు. ఒకదానికి చిరునవ్వు పెట్టేవాడు, ఇంకోదానికి పంటినొప్పి పెట్టేవాడు. ఒక్కరూ గమనించిన పాపాన పోలేదు. పెయింటర్ అంటే అక్షరాలు, అంతే.

అలాంటి మనిషికి 1990 ఏప్రిల్లో ఉప్పల్ నుంచి కబురొచ్చింది. అక్కడొక కాలనీలో సైన్సు సంఘం ఉంది. దానికి అన్నీ జనార్ధనరావే. ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, గుడివాడ వైపు మనిషి, ఆకాశం గురించి ఎవరు దొరికినా వదలడు. అంతకుముందు ఆగస్టులో వాయేజర్ అనే అంతరిక్ష నౌక పన్నెండేళ్లు ప్రయాణం చేసి నెప్ట్యూన్ పక్కనుంచి వెళ్లిందా, అప్పటి నుంచి ఆయనకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి కమ్యూనిటీ హాల్లో ఎగ్జిబిషన్ పెట్టాడు. మధ్యలో నెప్ట్యూన్ బొమ్మతో ఎనిమిదడుగుల ప్లైవుడ్ బోర్డు ఉండాలట.

“ఏస్త సార్,” అన్నాడు బుచ్చిరాములు. “ఒక్క మాట. బొమ్మ మీద నా పేరు రాసుకుంట.”

జనార్ధనరావు ఆలోచించాడు. “బొమ్మ సరిగ్గా వస్తే రాసుకో. తప్పుంటే మాత్రం వద్దు. పదిమందిలో నవ్వులపాలవుతాం.”

నెప్ట్యూన్‌కీ వాయేజర్‌కీ పత్రికలో రంగుల ఫొటోలు దొరికాయి. మూడో బొమ్మకి ఫొటో లేదు. లైబ్రరీ పుస్తకంలో ఆ పేజీని ఎవరో మహానుభావుడు బ్లేడుతో కోసుకుపోయాడు. అందుకని జనార్ధనరావు చీటీ మీద రాసిచ్చాడు: ‘ట్రైటాన్ – నెప్ట్యూన్ ఉపగ్రహం. పెద్దగా వెయ్యాలి.’

బుచ్చిరాములు పెద్దగానే వేశాడు. ఆదివారం పొద్దున పదింటికి హాల్లో బోర్డు నిలబెట్టి, పక్కకి జరిగి చేతులు కట్టుకున్నాడు.

జనార్ధనరావు వచ్చి చూశాడు. నీలం నెప్ట్యూన్, అద్భుతం. గొడుగు తిరగేసినట్టున్న వాయేజర్, భేష్. దానికి ఎదురుగా రెండు వెడల్పాటి రెక్కలు చాపుకుని, యాంటెన్నా పెట్టుకుని, తళతళలాడుతూ ఇంకొకటి.

“ఏమయ్యా బుచ్చిరాములూ, నెప్ట్యూన్ దగ్గర ఇన్సాట్ ఏం చేస్తోంది?”

“ఉపగ్రహం సార్. మీరే రాసిచ్చిన్రు గద. సూడున్రి, మీ దస్తూరీనే.”

“ఉపగ్రహమంటే ఈ ఉపగ్రహం కాదయ్యా!”

“మరే ఉపగ్రహం సార్? టీవీల రోజూ జెప్తరు, ఉపగ్రహం పంపిన మబ్బుల బొమ్మ అని. క్యాలెండర్ల గిట్లనే ఉన్నది.”

“అది మనుషులు వదిలింది. ఇది దానంతటదే ఉన్నది. మన చందమామ లేడూ, అలాంటిది.”

“గట్లయితే నెప్ట్యూన్ చందమామ అని రాస్తే అయిపోతుండె గద సార్! రెండిటికీ ఒక్కటే పేరు వెడితే నాకెట్ల సమజైతది?”

జనార్ధనరావు చీటీ తీసుకుని మళ్లీ చదువుకున్నాడు. పదం తను కనిపెట్టింది కాదు, కానీ చీటీ మాత్రం తనదే. గడియారం చూసుకున్నాడు.

“పోనీలే. దాని మీద నల్లరంగు కొట్టేసి, ‘ట్రైటాన్, ఫొటో దొరకలేదు’ అని రాసెయ్. అక్షరాల్లో నీకు తిరుగులేదు కదా.”

ఆయన మంచిగానే అన్నాడు. బుచ్చిరాములుకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. దొరక్క దొరక్క దొరికిన బొమ్మ కూడా అక్షరాలై కూర్చుంటోంది. పేరు సంగతి ఇక అడిగే మొహమే లేదు.

“నల్లరంగు కొడ్త సార్. కానీ రాయను. అదెట్లుంటదో నోటితోని జెప్పున్రి, ఏస్త.”

“చూడకుండా ఎలా వేస్తావయ్యా?”

“మీరు సూసిన్రా?”

“పేజీ ఉన్నప్పుడు చూశాను.”

“అయితే జెప్పున్రి.”

జనార్ధనరావు కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. “మన చంద్రుడి కంటే కొంచెం చిన్నది. అంతా మంచే. మామూలు చలి కాదు, మనం పీల్చే నైట్రోజన్ కూడా గడ్డకట్టి నేల మీద పరుచుకుంటుంది. కింది భాగం లేత గులాబీ. అక్కడక్కడా నేలలోంచి నల్లగా పొగలాంటిది చిమ్ముతుంది. గాలికి ఒకే పక్కకి వాలి, మసి చారికలు పడతాయి.”

“మా దగ్గర చిమ్నీల లెక్క. అది ఎరికే. మరి పైన?”

“పైన... గరుగ్గా ఉంటుంది. గుంటలు, గట్లు, అల్లుకుపోయినట్టు. ఏదో పండు తొక్కలా ఉందని రాశారయ్యా. కాంటలోప్ అట. డిక్షనరీ కూడా చూశాను...” టక్కున కళ్లు తెరిచాడు. “ఖర్బూజా! ఖర్బూజా తొక్క!”

బుచ్చిరాములు గబగబా ఇన్సాట్ మీద నల్లరంగు కొట్టేసి సైకిలెక్కాడు.

ఉప్పల్ బస్టాండు దగ్గర పాండురంగ బండి నిండా ఖర్బూజాలు. “మస్తు తియ్యగున్నయ్ అన్నా, వాసన సూడు,” అన్నాడు. బుచ్చిరాములు వాసన చూడలేదు. ఒక్కో పండూ ఎత్తి, ఎండకి తిప్పి, కళ్లు చికిలించి మళ్లీ పెట్టేస్తున్నాడు. ఆరు పళ్లయ్యేసరికి పాండురంగకి ఓపిక పోయింది.

“పండు గావాల్నా అన్నా, తొక్క గావాల్నా?”

“తొక్కనే గావాలె.”

“అయితే పొద్దుగూకినంక రా. బండి కింద మస్తుంటయ్, ఊకెనే తీస్కపో.”

ఏడో పండు తొక్క మీద గీతల జాలీ ఎంత చక్కగా ఉందంటే, దాన్ని చంకలో పెట్టుకుని ఒంటిచేత్తో సైకిలు తొక్కుకొచ్చాడు.

హాలు తలుపు దగ్గర ఎండ ఒక పక్క నుంచే పడుతోంది. పండు పెట్టడానికి స్టూలు ఎత్తు చాలలేదు. దాంతో ఆఫీసులో నలుగురికి పని చెప్పే జనార్ధనరావు రెండు చేతులతో ఖర్బూజా పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

“జర ఎడమకు తిప్పున్రి సార్. ఇంక జర. ఆ, కదలకున్రి.”

“దురద పుడుతోందయ్యా.”

“ట్రైటాన్‌కు దురద పుట్టదు సార్.”

మొదట బూడిద రంగు, దాని మీద పొడికుంచెతో తొక్క మీది జాలీ. కింద గులాబీ, గులాబీ మీద బొటనవేలితో ఒకే వైపుకి లాగిన మసి చారికలు. ఎండ పడని పక్కన మెల్లగా చీకటి. తిండి కూడా మర్చిపోయి వేశాడు. మూడున్నరకి జనార్ధనరావు పండు కింద పెట్టి, చేతులు దులుపుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. కింది నుంచి పైదాకా చూశాడు.

“గులాబీ రవ్వంత ఎక్కువైంది,” అన్నాడు చివరికి.

“తగ్గిస్త సార్.”

“తగ్గించు. తగ్గించి, పేరు రాసుకో.”

బుచ్చిరాములు సంతోషంలో కిందా మీదా చూడలేదు. అంచులన్నీ చెక్క పట్టీల కింద పోయాయి. ఖాళీగా ఉన్న నల్లటి జాగా నెప్ట్యూన్ పక్కనే. అక్కడ వాయేజర్ కొత్తగా కనిపెట్టిన ఆరు బుల్లి చందమామలు తెల్ల చుక్కలుగా, పక్కన నంబర్లతో ఉన్నాయి. వాటి చివర, ఒక నక్షత్రం పక్కన, అదే తెల్లరంగుతో, చేతికి అలవాటైన అచ్చు అక్షరాల్లో రాశాడు: బుచ్చిరాములు.

ఐదింటికి జనం వచ్చారు. అందరికంటే ముందు సుశీలమ్మ. కాలనీలో పెద్దావిడ, ఏ అక్షరం కనపడినా పైకి చదవందే ఊరుకోదు.

“నెప్ట్యూన్... ట్రైటాన్... 1989 ఎన్ ఒకటి, ఎన్ రెండు... నంబర్లేంది జనార్ధనరావూ, లారీలకు ఏసినట్టు?”

“కొత్తగా దొరికినవండీ. ఇంకా పేర్లు పెట్టలేదు.”

“గీ ఒక్కదానికి వెట్టిన్రు గద. బుచ్చిరాములు. మంచిగున్నది. మనోళ్ల పేరే వెట్టిన్రు!”

హాలంతా గొల్లున నవ్వింది. జనార్ధనరావు కంగారుగా ముందుకొచ్చాడు. “అది ఉపగ్రహం కాదండీ, మనిషి!”

“మనిషి అంత దూరం పోయిండా?”

ఇంకా నవ్వులు. మూలన నిలబడ్డ బుచ్చిరాములు మాత్రం నవ్వలేదు. తప్పుంటే పేరు వద్దని ముందే మాట. ఇప్పుడు తప్పల్లా పేరులోనే ఉంది. నల్లరంగు డబ్బా మూత తీశాడు.

“ఆగవయ్యా! చెరుపుతావేంటి?” అన్నాడు జనార్ధనరావు. “పేరు అలాగే ఉంచు. దాని ముందు ఒక్క మాట చేర్చు.”

“ఏం మాట సార్?”

“చిత్రం.”

బుచ్చిరాములుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నల్లరంగు డబ్బా మూసి తెల్లరంగు తీశాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, ‘చి’ దగ్గర గుడి కొంచెం వంకరపోయింది. దిద్దలేదు. రాయడం అయ్యాక పక్కకి జరిగాడు.

“ఇగ సదువు పెద్దమ్మా,” అన్నాడు.