విత్తనపు పొట్టేలు

మా నాన్నకు నేను ఎదురు తిరిగింది ఒక్కసారే, అదీ ఒక పొట్టేలు కోసం. అందుకు ఇప్పటికీ చింతించను.

బందరు పక్క గూడూరు దగ్గర మాది అరవై గొర్రెల మంద. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మూడు నెలలు నిండిన పొట్టేలుపిల్లల్లో అన్నిటికంటే కండపట్టినదాన్ని నాన్న ఎంచి, నుదుట పసుపు రాసి, "ఇది అమ్మవారిది" అంటాడు. జాతరలో దాన్ని కోసేస్తారు. దాని తర్వాతవి బందరు మాంసం కొట్లకు పోతాయి. ఎవరూ అడగని బక్కది మందలో మిగిలి, మరుసటేడు పుట్టే పిల్లలన్నిటికీ తండ్రవుతుంది. తాత నాటి నుంచీ ఇదే వరస. పైగా "మన గొర్రెలు ఏటేటా చిక్కిపోతున్నాయి, ఎవరి దిష్టో" అని నాన్న నిట్టూర్పు.

వెటర్నరీ డిప్లొమా చదువుతూ సెలవులకు వచ్చిన నాకు ఆ దిష్టి ఎవరిదో తెలిసిపోయింది. వడ్లయితే బాగా పండిన మడిలోవే విత్తనానికి దాస్తాం, తాలు గింజలు చల్లం. నడుం మీద కండ, మాంసం మెత్తదనం కూడా చాలావరకు విత్తనంతో వచ్చేవే. మేత మిగతాది చూసుకుంటుంది. ఇంత చిన్న సంగతి మా దొడ్లోనే పెరిగి ఇన్నాళ్ళూ చూడనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ ఏడు పసుపు పడ్డ పొట్టేలు వెన్ను మీద చెయ్యి వేసి నొక్కితే ఎముక తగల్లేదు. "దీన్ని ఇవ్వను" అన్నాను.

"అమ్మవారికి ఎగ్గొడతావా?" అన్నాడు నాన్న.

"ఎగ్గొట్టను. రెండేళ్ళు ఆగమంటున్నా. మందలో దీని పిల్లలు పుట్టాక అమ్మవారికే ఇద్దాం. అమ్మకి వచ్చే ఏడు కూడా కావాలి కదా నాన్నా."

జాతర రోజు పొద్దున్నే దొడ్డి తలుపుకు అడ్డంగా కూర్చున్నాను. పెదనాన్న వచ్చి, "ఆడపిల్ల మొండితనానికి మంద తుడిచిపెట్టుకుపోద్ది" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి నాన్న ఇంకో పొట్టేలును తోలుకెళ్ళాడు. ఆ వానల్లో ఏడు గొర్రెపిల్లలు పారుడు రోగంతో చచ్చిపోయాయి. అమ్మవారి కోపమేనని ఊరంతా నా వైపే చూసింది. భయం వేసింది, ఏడ్చాను కూడా. పొట్టేలును మాత్రం వదల్లేదు.

మరుసటేడు గుడివాడ బేరగాడు వచ్చి, దాని పిల్లల వెన్నులు నొక్కి చూసి, "ఇవి మీ మందవేనాండీ?" అన్నాడు. నాన్న అటు తిరిగి తువ్వాలు దులుపుకున్నాడు. రెండేళ్ళూ నిండాక మాట ప్రకారం పొట్టేలును అమ్మవారి దగ్గరికి నేనే తోలుకెళ్ళాను. దారంతా నా చేతిని నాకుతూనే ఉంది.

ఈ ఏడు నాన్న పసుపు గిన్నెతో దొడ్లోకి వచ్చాడు. అన్నిటికంటే మంచిదాని దగ్గర ఆగి, వెన్ను తడిమి, దాన్ని దాటిపోయి మూడోదాని నుదుట రాశాడు.

"అదేంట్రా, మంచిది అక్కడుంటే?" అన్నాడు పెదనాన్న.

"అమ్మకి వచ్చే ఏడు కూడా కావాలి గదన్నా" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.