తప్పు పేరెత్తని పిటిషన్

కన్నమ్మ కేసు నా దగ్గరికి 2023 మే నెలలో వచ్చింది. అప్పటికి నేను కొత్తగూడెం కోర్టులో పాతికేళ్లకు పైగా ప్రాక్టీసు చేసి ఉన్నాను. అందులో చివరి పదిహేనేళ్లు ఇంచుమించు ఒకటే పని: వాహన ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ల తరఫున నష్టపరిహారం పిటిషన్లు వేయడం. వీటిని వినే కోర్టును ట్రిబ్యునల్ అంటారు. దానికి వేరే భవనమేమీ ఉండదు. జిల్లా జడ్జిగారే ఆ పేరుతో కూర్చుని వింటారు. నిరుడు మోకాళ్లు మొరాయించడంతో నల్లకోటు మడిచి బీరువాలో పెట్టేశాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాయగలుగుతున్నాను.

ఈ పనిలో మొదటిరోజు ఎవరొచ్చినా అడిగేవి అవే ప్రశ్నలు. పోలీసు కేసు ఆలస్యంగా పెట్టినం, దావా పడ్తదా? ఆలస్యానికి కారణం చెప్పగలిగితే పడుతుంది. ఊళ్లె మాట్లాడుకున్నంక మళ్ల కోర్టుకు రావచ్చునా? రావచ్చు, ఊరి రాజీ ట్రిబ్యునల్‌ను కట్టేయదు. పైసలు బండాయన కట్టాల్నా, కంపెనీ కట్టాల్నా? ప్రమాదం నాటికి ఇన్సూరెన్సు ఉండి, పాలసీ షరతులు తప్పకపోతే కంపెనీయే కడుతుంది. ఎప్పటిలోగా వేయాలి? 2022లో మారిన చట్టం ఆరు నెలలంటోంది. ఈ జవాబులు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కన్నమ్మ అడిగిన ప్రశ్న మాత్రం వీటిలో లేదు.

ఆమెది టేకులపల్లి మండలంలో అడవిని ఆనుకుని ఉన్న ఒక కోయగూడెం. ముప్పై ఏళ్లుంటాయి. మిరప కోతల రోజుల్లో ఆడవాళ్లంతా ఆటోలో చేన్లకు పోతారు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆ ఆటో అడవి మలుపులో బోల్తా పడింది. మిగతావాళ్లు గీరుకుపోయిన గాయాలతో లేచారు. కన్నమ్మ కుడిచెయ్యి మాత్రం ఆటో పక్కరాడ్ కింద పడి మణికట్టు దగ్గర నలిగింది. ఎముకకు ప్లేటు వేశారు. ఎముక అతికింది గాని వేళ్లు ముడుచుకోవడం లేదు. నరాల మీద ఇంకో ఆపరేషన్ చేసి, ఆ తర్వాత కొన్ని నెలలు ఖమ్మంలో ఉండి వేళ్లకు వ్యాయామం చేయించాలని, ఆలస్యమైతే వేళ్లు అట్లాగే బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పాడు. మిరపకాయ తెంపాలన్నా, ఎండాకాలం తునికాకు కట్టలు కట్టాలన్నా ఆమెకు ఉన్నది ఆ చెయ్యే. కూలి మానుకుని నెలల తరబడి ఖమ్మంలో కిరాయికి ఉండే శక్తి ఆ ఇంటికి లేదు.

ఆమెను వెంటబెట్టుకొచ్చినవాడు భర్త భీమయ్య. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా తెచ్చాడు. దవాఖానా కాగితం చూడగానే నాకు నీరసం వచ్చింది. గాయానికి కారణం అనే చోట "మంచె మీద నుంచి జారిపడింది" అని ఉంది.

ఇదెవరు చెప్పారని అడిగితే కన్నమ్మ ఏమాత్రం తడుముకోకుండా తనే చెప్పానంది. రోడ్డు ప్రమాదం అంటే దవాఖానా నుంచి పోలీసులకు కబురు పోతుంది. పోలీసులొస్తే ఆటో నడిపిన రాంబాబును పట్టుకుపోతారు. రాంబాబు ఆమెకు మేనమామ కొడుకు. ఆటోకు డ్రైవరూ అతనే, ఓనరూ అతనే. అందుకని కట్టు కట్టించుకుంటూనే మంచె కథ అల్లి చెప్పింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ వకీళ్లు అన్నిటికంటే ముందు వెతికేది దవాఖానాలో చెప్పిన ఆ తొలిమాటనేనని, వాళ్ల చేతికి కత్తిచ్చి మెడ చాపినట్టయిందని గట్టిగానే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "గప్పుడు చెయ్యి కన్న బావ ముఖ్యం అనిపించింది వకీలమ్మా," అంది.

చిక్కు అక్కడితో ఆగలేదు. దవాఖానా నుంచి వచ్చాక గూడెం పెద్దలు కూర్చున్నారు. రాంబాబు ఇంటివాళ్లు కోడి, బియ్యం, కల్లు తెచ్చారు. రెండు ఇళ్లవాళ్లూ ఒకచోట వండుకుని తిన్నారు. ఆ గూడెం కట్టుబాటు ప్రకారం అట్లా కలిసి తిన్నాక ఆ తప్పు పేరు మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్లతో మిగతావాళ్లు పొత్తు మానేస్తారు. చావుకైనా పెళ్లికైనా ఆ గడప తొక్కరు. భీమయ్య ఇదంతా చెప్పి, అది గూడెం సంగతి, కోర్టు సంగతి వేరు గదా అన్నాడు. నేనూ అవునన్నాను.

పిటిషన్ మీద సంతకమో వేలిముద్రో పెట్టించే ముందు దాన్ని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి వినిపించడం నా పద్ధతి. జూనియర్లు దీన్ని నా చాదస్తం కింద జమకట్టేవారు. ఈ రకం దావాలు మామూలుగా 166వ సెక్షన్ కింద వేస్తాం. అందులో ఒక వాక్యం తప్పనిసరి: డ్రైవరు అతివేగంగా, నిర్లక్ష్యంగా నడపడం వల్లే ప్రమాదం జరిగింది అని. తప్పు రుజువైతే వయసు, సంపాదన, వైకల్యం లెక్కగట్టి ఎంత న్యాయమో అంత ఇస్తారు. కన్నమ్మ అన్నీ తలూపుతూ విన్నది. ఆ వాక్యం దగ్గరికి రాగానే ఎడమచెయ్యి కాగితం మీద అడ్డం పెట్టింది.

"గీ మాట తీసెయ్యి."

తీసేస్తే పిటిషన్ నిలవదన్నాను. ఆటోకు ఇన్సూరెన్సు ఉంది కాబట్టి రాంబాబు చేతి నుంచి రూపాయి పోదని, కంపెనీయే కడుతుందని, ఇది రాతకోసం రాసే మాటని వివరించాను. భీమయ్య కూడా బతిమాలాడు. "ఉత్త రాతే గదనే, ఎవలు సదువుతరు?" అన్నాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

"పంది అడ్డమొచ్చింది, బండి తిప్పిండు. ఆయన తప్పో, పంది తప్పో, అంతమందిమి ఎక్కిన మా తప్పో నాకెర్క లేదు. కలిసి తిన్నం. ఇగ నా నోట ఆ మాట రాదు. తప్పు అననోళ్లకు మీ కోర్టుల ఏం లేదా?"

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. తప్పు మోపడానికి వచ్చేవాళ్లే గాని, మోపకుండా ఉండటానికి దారి అడిగేవాళ్లు రారు. దారి అయితే ఉంది. 164వ సెక్షన్. దాని కింద వేస్తే ఎవరి నిర్లక్ష్యమని చెప్పాల్సిన పని లేదు. ఫలానా బండి వల్ల తీవ్రమైన గాయం అయిందని చూపితే చాలు. అయితే అందులో వచ్చేది చట్టం ముందే ఖాయం చేసిన మొత్తం, రెండున్నర లక్షలు. చెయ్యి ఎంత పోయినా పైసా పెరగదు. అది తీసుకున్నాక మళ్లీ 166 వైపు చూసే వీలుండదు. ఆమె వయసుకు, ఆమె చేతికి, 166 కింద అంతకు రెండింతలకు పైనే వస్తుందని నా అంచనా. ఆ మాట దాచకుండా ఇద్దరికీ చెప్పాను.

భీమయ్య లేచి బయటికి వెళ్లి చాలాసేపు వరండాలో నిలబడ్డాడు. అతన్ని తప్పుపట్టలేను. కట్టుబాటు అతనికీ తెలుసు, కానీ రాత్రి చెయ్యి సలుపుతుంటే పక్కన మేలుకుని కూర్చునేది అతనే. తిరిగొచ్చి, "చెయ్యి దానిది. దాని ఇష్టం," అన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు. నిర్లక్ష్యం చూపక్కర్లేదు సరే, ప్రమాదం జరిగిందనైనా చూపాలి కదా. పోలీసు కేసు లేదు. ఆటోను అప్పుడే బాగుచేయించేశారు. దవాఖానా కాగితం మంచె అంటోంది. ప్రమాదం జరిగితే డ్రైవరే స్టేషన్‌లో తెలియజేయాలని చట్టం. రాంబాబు ఇప్పుడు వెళ్లి చెబితే తప్ప ఈ పిటిషన్‌కు కాళ్లు లేవు. చెబితే అతని మీద క్రిమినల్ కేసు ఖాయం. ఎందుకంటే రోడ్డు ప్రమాదాలకు పోలీసులు పెట్టే సెక్షన్లన్నీ నిర్లక్ష్యం మీదే నడుస్తాయి. నేను అతని వకీలును కాను, అతనికి సలహా ఇవ్వడం నా పని కాదు. ఆ సంగతి వాళ్లిద్దరికీ చెప్పి, రాంబాబును వేరే వకీలును అడిగి తేల్చుకోమనండి అన్నాను. అతను రాడనే అనుకున్నాను. ఆరు నెలల్లో సగం అప్పటికే అయిపోయింది.

వారం తిరగకుండా రాంబాబు స్టేషన్‌కు వెళ్లి రాసిచ్చాడు. పిటిషన్‌లో తన మీద తప్పు రాయలేదట గదా, నిజమేనా అని మాత్రం ముందు రోజు నాకు ఫోన్ చేసి అడిగాడు. నిజమేనన్నాను. పోలీసులు కేసు కట్టారు, ఆటోను స్టేషన్‌లో పెట్టారు, లైసెన్సు తీసుకున్నారు. ఆటో విడిపించుకునే దాకా అతను తాపీ పనికి సిమెంటు మోశాడు.

కంపెనీ తరఫు వకీలు నాకంటే చాలా చిన్నవాడు, చురుకైనవాడు. ఆటోలో పరిమితికి మించి ఎక్కారన్నాడు. అదనంగా ఎక్కినవాళ్ల సంగతి వేరు గాని, పరిమితి మేరకు కంపెనీ బాధ్యత పోదు. దావా వేసింది కన్నమ్మ ఒక్కతే. కాబట్టి ఆ వాదన నిలవలేదు. దాంతో నేను అనుకున్నట్టే మంచె ఎక్కాడు.

దవాఖానాలో చెప్పింది అబద్ధమా అని కన్నమ్మను అడిగాడు. అవ్, అబద్ధమే అంది. అప్పుడు అబద్ధమాడినామె ఇప్పుడు నిజం చెబుతోందని ఎట్లా నమ్మాలన్నాడు. "గప్పుడు నిజం చెప్తే బావను పట్కపోతరని చెప్పలే. ఇప్పుడు బావనే వచ్చి చెప్పిండు గద సారు," అంది. ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్ష్యం మాకు పనికొచ్చింది. గాయం నలిగి చీరుకుపోయి ఉందని, అందులోంచి తారుకంకర తీశామని, మంచె మీద నుంచి మట్టిలో పడితే అట్లాంటి గాయం కాదని ఆయన చెప్పాడు.

తర్వాత రాంబాబు బోను ఎక్కాడు. బంధువులిద్దరూ కూడబలుక్కుని కంపెనీ సొమ్ము కాజేయడానికి వచ్చారని వకీలు అన్నాడు. రాంబాబుకు కోపం రాలేదు. "కూడబలుక్కునేటోడు తన మీదనే కేసు పెట్టించుకుంటడా సారు? ఆటో నాది, నడిపింది నేను. చెయ్యి నా కండ్ల ముందటనే నలిగింది," అన్నాడు.

వకీలు వెంటనే, "అయితే తప్పెవరిది?" అని అడిగాడు.

రాంబాబు నోరు తెరవలేదు. కన్నమ్మ కూర్చున్న చోట తల దించుకుంది. తనదన్నా కాదన్నా అతని క్రిమినల్ కేసులో ఆ జవాబు తిరిగొస్తుంది, గూడెంలో కట్టుబాటూ తప్పుతుంది. నేను అభ్యంతరం చెప్పడానికి లేచేలోపే జడ్జిగారు కాగితాల నుంచి తలెత్తకుండా, ఈ సెక్షన్ కింద ఆ ప్రశ్న అడగక్కర్లేదు, తర్వాతది అడగండి అన్నారు. వకీలు దగ్గర తర్వాతది లేదు. నాకు ఆ క్షణం ఎంతో సంతోషమైంది. కోర్టులో అది పైకి కనబడనివ్వకూడదు కాబట్టి ఫైలు సర్దుకుంటూ కూర్చున్నాను.

పిటిషన్‌ను ట్రిబ్యునల్ ఆమోదించింది. కంపెనీ పైకోర్టుకు వెళ్లలేదు. అయితే ఇదంతా అయ్యేసరికి ఆపరేషన్ జరగాల్సిన సమయం దాటిపోయింది. ఖమ్మంలో ఆపరేషన్ అయింది, వ్యాయామమూ చేయించారు. బొటనవేలు, పక్క రెండు వేళ్లు ముడుచుకుంటున్నాయి. చివరి రెండూ బిగిసే ఉన్నాయి. మిరపకాయలు తెంపుతోంది, ఇదివరకంత జోరుగా కాదు. తునికాకు కట్ట కట్టలేకపోతోంది, భీమయ్య కడతాడు. రాంబాబు మీది కేసును చాలా వాయిదాలు నడిచాక కొట్టేశారు. ఆ రోజు ఆటోలో ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ అతను నిర్లక్ష్యంగా నడిపాడని చెప్పలేదు.

పెద్ద మొత్తం వదులుకోవడం సరైనదేనా అని తోటి వకీళ్లు అప్పట్లో అడిగేవారు. వకీలుగా నేనిచ్చిన సలహా 166, అది ఇప్పటికీ సరైనదే. కానీ ఆ సలహా ఆమె చేతి వెల కట్టింది గాని, ఆమె ఎవరి మధ్య బతకాలో లెక్కలో వేసుకోలేదు. కన్నమ్మ వేసుకుంది. ఆ తర్వాత ప్రాక్టీసు మానేదాకా కొత్తగా వచ్చినవాళ్లను సెక్షన్ జోలికి పోకముందు రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. దవాఖానాలో ఏం చెప్పారు? కేసు అయ్యాక మీరు ఇంటికి ఎవరి ఆటోలో పోవాలి?